పరుగు మాస్టారికి మీ ప్రశ్నలు: నీళ్లు మోసిన లూయిస్ మారథాన్ ఎలా గెలిచాడు?

పోయిన సంచికలో స్పిరిడాన్ లూయిస్ గురించి ఒక చిన్న పేరా రాశాను. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొట్టమొదటి ఆధునిక ఒలింపిక్స్‌లో మారథాన్ గెలిచిన గ్రీకు యువకుడు, నీళ్లు మోసి అమ్మే ఇంట్లో పుట్టినవాడు అని. దాని మీద తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ దాదాపు మొత్తం ఆయనకే ఇచ్చేశాను.

సార్, మాది తిరుపతి కొర్లగుంట. ఆటోలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు వేస్తాను. లిఫ్టు లేని చోట మూడో అంతస్తు దాకా భుజం మీద మోయాల్సిందే. తెల్లారుజామున యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరుగెత్తుతాను. మీరు రాసింది చదివి మా వాళ్లు "నువ్వూ నీళ్లు మోసేవాడివే కదరా, నీకు ప్రాక్టీస్ ఎందుకు, నేరుగా పోయి గెలిచేయ్" అంటున్నారు. లూయిస్ నిజంగా ప్రాక్టీస్ లేకుండా గెలిచాడా? దారిలో వైన్ తాగాడట కదా? నా సమస్య ఏమిటంటే, ఏడెనిమిది కిలోమీటర్ల వరకు అందరికంటే ముందుంటాను, పది దాటాక కాళ్లు కదలవు. ఏం చేయాలి?

నాయనా, ప్రాక్టీస్ లేకుండా గెలిచాడన్న మాట నమ్మొద్దు. వినడానికి బాగుంటుంది కాబట్టి ఆ కథ ఇన్నేళ్లుగా తిరుగుతోంది, కానీ అది లూయిస్‌కి అన్యాయం చేస్తుంది, నీలాంటి పిల్లల్ని తప్పుదారి కూడా పట్టిస్తుంది.

లూయిస్ 1873లో ఏథెన్స్ పక్కనున్న మరూసి అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో ఏథెన్స్‌లో ఇంటింటికీ కొళాయిలు లేవు. వాళ్ల నాన్న మరూసి నుంచి మంచినీళ్లు తీసుకెళ్లి నగరంలో అమ్మేవాడు, కొడుకు తోడు వెళ్లేవాడు. కంచర గాడిదల పక్కన సగం నడక సగం పరుగుగా ఆ దారంతా పోయేవాడని చెబుతారు. ఆ పని కాళ్లకు బలం ఇచ్చింది, సందేహం లేదు. నీ క్యాన్లు కూడా నీకు ఇస్తున్నాయి. కానీ బలం ఉండటం వేరు, 40 కిలోమీటర్లు ఏ వేగంతో పోతే చివరిదాకా నిలబడతామో తెలిసి ఉండటం వేరు. లూయిస్‌కి ఆ రెండోది ఎలా వచ్చిందో చెప్తాను.

1896కి ముందు మారథాన్ అనే పందెమే లేదు. మారథాన్ అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధంలో గెలిచిన కబురు మోసుకుని ఒక సైనికుడు అక్కడి నుంచి ఏథెన్స్ దాకా పరుగెత్తి, ఆ మాట చెప్పి ప్రాణం విడిచాడని పాత గాథ ఒకటుంది. మిషెల్ బ్రెయాల్ అనే ఫ్రెంచి పండితుడు ఆ గాథ గుర్తుగా ఒక పందెం పెట్టండి, గెలిచినవాడికి వెండి కప్పు నేనిస్తాను అన్నాడు. గ్రీకులు దీన్ని ఎంత పట్టుదలగా తీసుకున్నారంటే, ఒలింపిక్స్‌కి ముందే అదే దారిలో ఎంపిక పరుగులు పెట్టారు. మొదటిదాన్ని ఖరిలాయోస్ వసిలాకోస్ 3 గంటల 18 నిమిషాల్లో గెలిచాడు. రెండోదాంట్లో లూయిస్ పరుగెత్తాడు. గెలవలేదు, ఐదోవాడిగా వచ్చాడు. ఈ ఎంపికలు చూసుకున్న పాపడయమంటోపులోస్ అనే అధికారి, లూయిస్ సైన్యంలో ఉన్నప్పుడు అతని పైవాడే. కాబట్టి అసలు పందెం నాటికి లూయిస్ ఆ దూరం మొత్తం పరుగెత్తి చూసుకున్నవాడు. ఎక్కడ ఎత్తు మొదలవుతుందో, ఎక్కడ ఊపిరి అందదో కాళ్లకు తెలుసు.

ఇక అవతలివాళ్లను చూడు. ఏప్రిల్ 10న 17 మంది బయల్దేరారు, అందులో 13 మంది గ్రీకులే. మిగిలిన నలుగురిలో ముగ్గురు మామూలు వాళ్లు కాదు. ఆస్ట్రేలియా కుర్రాడు ఎడ్విన్ ఫ్లాక్ అదే ఒలింపిక్స్‌లో 800 మీటర్లు, 1500 మీటర్లు రెండూ గెలిచాడు, 800 గెలిచింది సరిగ్గా ముందురోజు. అమెరికా వాడు ఆర్థర్ బ్లేక్ 1500లో రెండు, ఫ్రాన్స్ వాడు అల్బాన్ లెర్ముజియో మూడు. అంటే మూడు రోజుల క్రితం 1500 మీటర్లలో వరసగా నిలబడిన ముగ్గురూ ఇక్కడ ఉన్నారు. వేగంలో లూయిస్ వాళ్లకు సాటి రాడు. కానీ ఆ నలుగురిలో ఇంత దూరం ముందే పరుగెత్తి చూసుకున్నది హంగేరీ కుర్రాడు గ్యూలా కెల్నర్ ఒక్కడే.

లెర్ముజియో మొదటినుంచే దూసుకుపోయాడు. దారిలో ఒక ఊరివాళ్లు ఇక ఇతనే గెలిచాడనుకుని ముందుగానే దండ కూడా వేశారంటారు. ఆ దారి ఎలా ఉంటుందంటే, మొదట్లో దాదాపు చదును, పది కిలోమీటర్ల తర్వాత మెల్లగా ఎత్తు మొదలై 31వ కిలోమీటర్ వరకు ఎక్కుతూనే ఉండాలి, ఆ తర్వాతే ఏథెన్స్ వైపు దిగుడు. బ్లేక్ 23 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. లెర్ముజియో 32 దాకా లాగి అక్కడ కూలబడ్డాడు. అప్పుడు ఫ్లాక్ ముందుకొచ్చాడు, లూయిస్ వెనక నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి అతన్ని కలుసుకున్నాడు, ఇద్దరూ కాసేపు పక్కపక్కనే పోయారు, చివరి నాలుగైదు కిలోమీటర్లలో ఫ్లాక్ కూడా పడిపోయాడు. స్టేడియంలో జనానికి మొదట సైకిల్ మీద వచ్చిన మనిషి ఫ్లాక్ ముందున్నాడని చెప్పాడు, అందరూ డీలా పడ్డారు. తర్వాత గ్రీకువాడే ముందున్నాడన్న కబురు వచ్చింది, కాసేపటికి దుమ్ము కొట్టుకుని లూయిస్ లోపలికి వచ్చాడు. గ్రీసు యువరాజులు ఇద్దరు కిందికి దిగి అతని పక్కన పరుగెత్తారు. 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన వసిలాకోస్ కంటే ఏడు నిమిషాలకు పైగా ముందు. ఆ ఒలింపిక్స్‌లో పరుగులు, దూకుళ్లు, విసుర్లు కలిపి 12 పోటీలుంటే తొమ్మిది అమెరికా పట్టుకుపోయింది, రెండు ఫ్లాక్‌వి, సొంత గడ్డ మీద గ్రీసుకు దక్కింది ఈ ఒక్కటే. ఆ రోజు జనం ఎందుకంత పిచ్చెత్తిపోయారో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

నీ పదో కిలోమీటర్ సమస్యకు జవాబు ఇందులోనే ఉంది. మన కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం కొంత నిల్వ ఉంటుంది. వేగంగా పరుగెత్తేకొద్దీ శరీరం ఆ నిల్వనే ఎక్కువ వాడుతుంది, నిదానంగా పోతే కొవ్వును కూడా కలుపుకుని వాడుతుంది. మారథాన్‌లో చాలామంది ముప్పై దాటాక కుప్పకూలేది ఆ నిల్వ అయిపోయినందుకే. పది కిలోమీటర్లకే నీ నిల్వ మొత్తం అయిపోదులే, నీకు అడ్డం పడేది ఇంకోటి. మొదటి కిలోమీటర్లలో నీ ఊపిరి తట్టుకునే దానికంటే వేగంగా పోతున్నావు, కండరాలు ముందే బిగుసుకుపోతున్నాయి. రెండింటికీ మందు మాత్రం ఒకటే, మొదట్లో ఆగడం.

అలిపిరి మెట్ల దారిలో నువ్వు చూసే ఉంటావు. కాలేజీ కుర్రాళ్లు మొదటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసి గాలిగోపురం దగ్గర చొక్కాలు విప్పి కూర్చుని ఉంటారు, గోవిందా అనుకుంటూ ఒకే అడుగు ఒకే అడుగుగా వచ్చిన అవ్వ వాళ్లను దాటి మోకాళ్ల మెట్ల వైపు పోతూ ఉంటుంది. 3550 మెట్లనీ మొదటి మెట్టు దగ్గరే లెక్కలోకి తీసుకున్నది ఆమె. లూయిస్ చేసింది అదే. పికెర్మి అనే ఊరి దగ్గర, ముందు పోతున్నవాళ్లు ఎంత దూరంలో ఉన్నారని అడిగి, వాళ్లందరినీ పట్టుకుంటానని చెప్పాడని అంటారు. ముందున్నవాళ్ల వేగం చూసి అతను తన వేగం మార్చుకోలేదు. ఆ గుండె నిబ్బరం నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. మా గ్రౌండ్‌లో పిల్లలకు నేను నేర్పడానికి బాగా కష్టపడేది కూడా అదే, ఎందుకంటే పక్కవాడు దాటిపోతుంటే ఊరుకోవడం పదిహేనేళ్ల వయసులో ఎవరికీ చేతకాదు.

అందుకని నువ్వు ఇలా చెయ్. మొదటి మూడు కిలోమీటర్లు పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నిదానంగా పో. అందరూ దాటేసినా పోనీ. చివరి రెండు కిలోమీటర్లలోనే వేగం పెంచు. వారంలో ఒక రోజు మాత్రం దూరం పెంచుకో, అదీ కొంచెం కొంచెంగా, మిగతా రోజులు పాత దూరమే. ఇంకో సంగతి, నువ్వు పగలంతా మెట్లెక్కి దిగేవాడివి, అది కూడా కాళ్లకు పనే. ఎక్కువ క్యాన్లు వేసిన రోజు మర్నాడు పరుగు మానేసినా తప్పులేదు, నిద్రపో. పొడుగు పరుగుకు ముందురోజు రాత్రి కడుపునిండా రాగిసంగటి తిను, మన చిత్తూరోళ్లకు దీన్ని మించింది లేదు. మార్చి వచ్చాక ఎండ ముదిరేలోపు పరుగు ముగించెయ్.

వైన్ సంగతి. పికెర్మిలో ఒక గ్లాసు వైన్ తాగాడని అందరూ రాస్తారు. లూయిస్ మనవడు చెప్పింది వేరు, పెళ్లి చేసుకోబోయే అమ్మాయి సగం నారింజ ఇచ్చిందని, కాబోయే మామ ఒక గ్లాసు కోన్యాక్ అనే బ్రాందీ ఇచ్చాడని. ఏదైనా సరే, పరుగులో మందు బలం ఇస్తుందని అప్పట్లో నమ్మేవాళ్లు, అది నిజం కాదు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. నువ్వు నీళ్లు తాగు. పరుగయ్యాక ఉప్పేసిన మజ్జిగ తాగు.

మాస్టారూ, నేను చంద్రగిరిలో రిటైర్డ్ గుమస్తాని. లూయిస్ గెలిచాక ఏమయ్యాడు? బాగా సంపాదించాడా? మళ్లీ ఒలింపిక్స్‌లో ఎందుకు కనిపించలేదు?

అన్నా, గెలిచాక ఆయన మళ్లీ పోటీ పరుగు పరుగెత్తలేదు. ఒక్క ఒలింపిక్ పందెం, అంతే.

ఏం కావాలో కోరుకోమని రాజు అడిగితే, నీళ్లు మోసుకోవడానికి ఒక బండి, దాన్ని లాగే గాడిద అడిగాడని చెబుతారు. దుకాణాలవాళ్లు జీవితాంతం ఉచితంగా అది ఇస్తాం ఇది ఇస్తాం అని ఎగబడ్డారట. అవన్నీ ఎంతవరకు అందాయో గానీ, ఆయన మాత్రం మరూసికి తిరిగిపోయి వ్యవసాయం చేసుకున్నాడు, తర్వాత ఊళ్లో పోలీసు ఉద్యోగం చేశాడు. ఈ మాట చెప్పగానే కొందరు అయ్యో అంత ప్రతిభ వృథా చేసుకున్నాడే అంటారు. నేను ఒప్పుకోను. ఆనాడు పరుగు మీద బతికే దారి లేదు, మొదటి స్థానానికి ఇచ్చింది కూడా బంగారు పతకం కాదు, వెండి పతకం, ఆలివ్ కొమ్మ. ఇల్లు నడుపుకోవడానికి తనకు తెలిసిన పనికి తను పోయాడు. అందులో చిన్నతనం ఏముంది?

బాధ కలిగించేది వేరే ఉంది. 1926లో సైనిక పత్రాలు తారుమారు చేశాడన్న కేసులో ఆయన్ని అరెస్టు చేశారు. ఏడాదికి పైగా జైల్లో ఉన్నాక 1927లో కోర్టు నిర్దోషి అని వదిలిపెట్టింది. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు యువరాజులు పక్కన పరుగెత్తిన మనిషి, చేయని తప్పుకు అన్ని నెలలు లోపల ఉన్నాడు. ఆయన గురించి పుస్తకాల్లో రాసేవాళ్లు గాడిద బండి కథ చెప్పి ఊరుకుంటారు గానీ దీని మీద రెండు వాక్యాలు కూడా రాయరు, నాకు అది నచ్చదు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి ఆయన్ని గౌరవ అతిథిగా పిలిచారు. గ్రీకుల సంప్రదాయ దుస్తుల్లో వాళ్ల జట్టుతో పాటు నడిచాడు, ఒలింపియా నుంచి తెచ్చిన ఆలివ్ కొమ్మను హిట్లర్ చేతికి ఇచ్చాడు. 1940 మార్చి 26న చనిపోయాడు. ఆ ఏడాది అక్టోబరులోనే ఇటలీ సైన్యం గ్రీసు మీదికి వచ్చింది. 2004 ఒలింపిక్స్ జరిగిన పెద్ద స్టేడియం మరూసిలోనే ఉంది, దానికి ఆయన పేరే. బ్రెయాల్ ఇచ్చిన వెండి కప్పు చాలా ఏళ్లు వాళ్ల ఇంట్లోనే ఉండి, 2012లో లండన్ వేలంలో ఐదు లక్షల పౌండ్లు దాటి పలికింది. కొన్నది ఒక గ్రీకు సంస్థే, అందువల్ల జనం చూసేలా ఏథెన్స్‌లోనే ఉంది.

సార్, నేను చిత్తూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఆ మారథాన్‌లో ఆడవాళ్లు ఎవరూ పరుగెత్తలేదా?

పరుగెత్తనివ్వలేదు తల్లీ. 1896 ఒలింపిక్స్‌లో ఏ పోటీలోనూ ఆడవాళ్లకు చోటు లేదు. కానీ ఒకామె పరుగెత్తింది. ఆమె పేరు స్తమాతా రెవితి. పేదరాలు, చంటిబిడ్డ తల్లి, పని వెతుక్కుంటూ ఏథెన్స్‌కి వచ్చింది. పోటీలోకి తీసుకోకపోతే మర్నాడు, ఏప్రిల్ 11న, అదే దారిలో ఒంటరిగా బయల్దేరింది. ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు, అందుకే ఎన్ని గంటలకు మొదలుపెట్టిందో మారథాన్ ఊరి పెద్దల చేత కాగితం మీద సంతకాలు పెట్టించుకుంది. పొద్దున ఎనిమిదికి మొదలై మధ్యాహ్నం ఒకటిన్నరకు ఏథెన్స్ చేరింది, అంటే సుమారు ఐదున్నర గంటలు. స్టేడియం లోపలికి మాత్రం రానివ్వలేదు. ఆ తర్వాత ఆమె జీవితం ఎలా గడిచిందో ఎక్కడా రాసిలేదు.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ పెట్టింది 1984లో, లాస్ ఏంజెలిస్‌లో. అమెరికా అమ్మాయి జోన్ బెన్వా 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. లూయిస్ కంటే అరగంటకు పైగా తక్కువ సమయం, అదీ రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరం. మీ బడిలో ఎవరైనా ఆడపిల్లలకు పొడుగు పరుగులు ఎందుకు అంటే ఈ అంకెలు చెప్పు.

మూడో స్థానంలో వచ్చినవాడిని తీసేశారట కదా సార్, ఎందుకు? (పుత్తూరు)

స్పిరిడాన్ బెలోకాస్ అనే గ్రీకువాడు. దారిలో కొంత దూరం గుర్రపు బండి ఎక్కి వచ్చాడు. కెల్నర్ ఫిర్యాదు చేశాడు, బెలోకాస్‌ని తీసేసి మూడో స్థానం కెల్నర్‌కే ఇచ్చారు.

ఇప్పుడు మారథాన్ 42.195 కిలోమీటర్లు కదా. లూయిస్ పరుగెత్తింది 40 అంటున్నారు. లెక్క ఎందుకు మారింది? ఇప్పటివాళ్లతో పోలిస్తే ఆయన ఎక్కడ? (పలమనేరు)

1908 లండన్ ఒలింపిక్స్‌లో రాజుగారి విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించేలా దారి గీశారు. అది 42.195 వచ్చింది. 1921లో అదే కొలతను అందరికీ ఖాయం చేశారు. లూయిస్ కిలోమీటర్‌కి సగటున 4 నిమిషాల 28 సెకన్లు తీసుకున్నాడు. అదే వేగంతో ఇప్పటి దూరం పోతే 3 గంటల 9 నిమిషాల లోపు వస్తుంది. 2023లో షికాగోలో కెన్యా కుర్రాడు కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకన్లలో ముగించాడు. పోల్చాలంటే పోల్చొచ్చు గానీ, లూయిస్ పోయింది మట్టిరోడ్డు మీద, అప్పటి బూట్లతో, సగం దారి ఎక్కుడుతో, తన జీవితంలో మొదటి పెద్ద పందెంలో. అది మర్చిపోకండి.

మేము ఏటా కాలినడకన చెప్పులు లేకుండా కొండెక్కుతాం. చెప్పులు లేకుండా పరుగెత్తి ఒలింపిక్స్ గెలిచినవాళ్లు ఉన్నారా? నేనూ అలా పరుగెత్తొచ్చా? (శ్రీకాళహస్తి)

ఉన్నాడు. ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా, 1960 రోమ్ ఒలింపిక్స్. రాత్రిపూట, దివిటీల వెలుగులో ముగిసిన పందెం అది. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి ప్రపంచంలోనే అందరికంటే వేగం. ఇచ్చిన బూట్లు కాలికి సరిపడక వట్టి కాళ్లతో దిగాడు, కానీ దానికి ముందు కూడా వట్టి కాళ్లతోనే బాగా సాధన చేసినవాడు, అది ముఖ్యం. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో మళ్లీ గెలిచాడు, అపెండిక్స్ ఆపరేషన్ అయి ఆరు వారాలు కూడా కాకుండానే. అప్పుడు కాళ్లకు బూట్లు ఉన్నాయి.

కొండెక్కడం మొక్కు, అది నడక, ఆగి ఆగి పోతారు. తారురోడ్డు మీద పరుగు అలాంటిది కాదు, ప్రతి అడుగుకూ ఒంటి బరువుకి రెండు మూడింతల దెబ్బ కాలి మీద పడుతుంది, మీ పాదాలకు అది అలవాటు లేదు. కోరిక గట్టిగా ఉంటే గడ్డి ఉన్న మైదానంలో పరుగు చివర ఐదు నిమిషాలు వట్టి కాళ్లతో పోయి చూడండి, పిక్కలు, మడమలు నొప్పి లేకపోతే మెల్లగా పెంచుకోండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం అసలు వద్దు, అరికాలికి గాయమైనా తెలియకపోవచ్చు. మీ ఉత్తరంలో వయసు రాయలేదు, నలభై దాటి ఉంటే ముందు ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకుని ఆ తర్వాత దిగండి.